బూట్ సమయంలో డ్రైవర్ విఫలమైతే: ఎంబెడెడ్ లినక్స్ బోర్డులో దోషాన్ని వెతికే పద్ధతి

ఎంబెడెడ్ బోర్డుపై లినక్స్ బూట్ అవుతూ మధ్యలో ఆగిపోయినా, బూట్ పూర్తయిన తరువాత ఒక సెన్సరో, నెట్‌వర్క్ పోర్టో, టచ్ ప్యానెలో పలకకపోయినా, చాలామంది ఇంజినీర్లు మొదట తెరిచేది డ్రైవర్ సోర్సు ఫైలు. దోషం సాధారణంగా అక్కడ ఉండదు. మెయిన్‌లైన్ కెర్నల్‌లో (లినక్స్ అధికారిక మూలంలో) ఉన్న డ్రైవర్ అప్పటికే ఎన్నో రకాల బోర్డులపై పనిచేసి నిలబడి ఉంటుంది కనుక, అది మన బోర్డుపై విఫలమైందంటే మనం దానికి చెప్పిన వివరాలలోనో, దానికి అందవలసిన విద్యుత్తు, క్లాక్, రీసెట్, ఇంటరప్ట్ వంటి వాటిలోనో లోపం ఉండే అవకాశమే ఎక్కువ. అందువల్ల కోడ్ జోలికి వెళ్లే ముందు నాలుగు ప్రశ్నలకు ఈ వరుసలోనే జవాబు రాబట్టుకోవాలి: ఆ డ్రైవర్ కెర్నల్‌లో ఉందా, ఆ పరికరం బోర్డుపై ఉన్నట్టు కెర్నల్‌కు తెలిసిందా, ప్రోబ్ (డ్రైవర్ తన పరికరాన్ని పలకరించి సిద్ధం చేసే దశ) మొదలై ఎక్కడ వెనుదిరిగింది, అసలు ఆ చిప్ జవాబు ఇస్తోందా. మొదటి రెండింటిని వదిలేసి నాలుగో ప్రశ్నతో మొదలుపెట్టేవారు ఆసిలోస్కోప్ ముందు ఒక పూట కూర్చుని, చివరికి ఆ డ్రైవర్ కెర్నల్‌లో చేరనే లేదని తెలుసుకుంటారు.

ముందుగా కన్సోల్

ఏ పరిశీలనకైనా ఆధారం సీరియల్ కన్సోల్. తెరపై వచ్చే సందేశాలనో, నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అయి చూసే లాగ్‌నో నమ్ముకుంటే, ఆ డిస్‌ప్లే డ్రైవరో నెట్‌వర్క్ డ్రైవరో విఫలమైన రోజున చేతిలో ఏమీ మిగలదు. కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాలలో యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే అడాప్టర్లు తక్కువ ధరకే దొరుకుతాయి. కొనేటప్పుడు రెండు విషయాలు అడిగి తెలుసుకోవాలి. మొదటిది, అది 3.3 వోల్టుల స్థాయిలో పనిచేస్తుందా అన్నది. 5 వోల్టుల అడాప్టర్‌ను 3.3 వోల్టుల పిన్నులకు తగిలిస్తే ప్రాసెసర్ దెబ్బతినవచ్చు; కొన్ని ప్రాసెసర్ల డీబగ్ పోర్టు 1.8 వోల్టులకే పరిమితం కనుక, స్కీమాటిక్ చూడకుండా వైరు పెట్టకూడదు. రెండవది, అడాప్టర్‌లో ఉన్న చిప్ ఏదన్నది. ఎక్కువ బోర్డులు 1,15,200 బాడ్ వేగంతో మాట్లాడతాయి గాని, రాక్‌చిప్ ప్రాసెసర్లున్న బోర్డులు చాలావరకు 15,00,000 బాడ్ వాడతాయి. సీపీ2102 చిప్ గరిష్ఠ వేగం 10,00,000 మాత్రమే కాబట్టి, దానితో అటువంటి బోర్డు నుంచి అర్థంలేని అక్షరాలే వస్తాయి, బోర్డు పాడైందన్న అనుమానం కలుగుతుంది. ఎఫ్‌టీ232ఆర్ లేదా సీహెచ్340 ఉన్న అడాప్టర్ తీసుకుంటే ఈ చిక్కు ఉండదు.

గ్రౌండ్ వైరును అన్నిటికన్నా ముందు కలపాలి. అడాప్టర్ టీఎక్స్‌ను (పంపే పిన్ను) బోర్డు ఆర్‌ఎక్స్‌కు (అందుకునే పిన్ను), ఆర్‌ఎక్స్‌ను టీఎక్స్‌కు కలిపి, విద్యుత్తు పిన్నును ఖాళీగా వదిలేయాలి. బోర్డుకు దాని సొంత సప్లయి ఉంటుంది. సీరియల్ సందేశాలను చూపే మినీకామ్ ప్రోగ్రామ్ వాడేవారు సెట్టింగులలో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్‌ను ఆపివేయాలి. అది ఆన్‌లో ఉంటే బోర్డు పంపే సందేశాలు కనిపిస్తూనే ఉంటాయి గాని, మనం నొక్కే మీటలు మాత్రం బోర్డుకు చేరవు. ప్రతి బూట్ లాగ్‌ను ఒక ఫైలులో దాచి, ఆ సారి ఏ మార్పు చేశామో ఫైలు పేరులోనే రాసుకోవడం మంచి అలవాటు. పనిచేసిన లాగ్‌ను, పనిచేయని లాగ్‌ను టైమ్‌స్టాంపులు తీసివేసి డిఫ్‌తో పోల్చినప్పుడు బయటపడే దోషాలు, కళ్లతో చదివితే దొరికేవాటికన్నా ఎక్కువ.

‘స్టార్టింగ్ కెర్నల్’ తరువాత నిశ్శబ్దం

కెర్నల్‌ను మెమరీలోకి లోడ్ చేసే బూట్‌లోడర్ యూ-బూట్ తన చివరి మాటగా ‘స్టార్టింగ్ కెర్నల్’ అని చెప్పి తప్పుకుంటుంది. ఆ తరువాత ఏమీ రాకపోతే కెర్నల్ చనిపోయిందని వెంటనే నిర్ణయించకూడదు. అది నడుస్తూ కూడా మనకు వినిపించకపోవచ్చు. మొదట చూడవలసింది బూట్ ఆర్గ్యుమెంట్లలోని ‘కన్సోల్’ పారామీటర్. పోర్టు పేరు ప్రాసెసర్‌ను బట్టి మారుతుంది: 8250 తరహా యూఆర్టులకు (సీరియల్ పోర్టును నడిపే హార్డ్‌వేర్) టీటీవైఎస్0, ఆర్మ్ పీఎల్011కు టీటీవైఏఎంఏ0, ఎన్‌ఎక్స్‌పీ ఐ.ఎంఎక్స్ వర్గానికి టీటీవైఎంఎక్స్‌సీ0. ఒక బోర్డు ఆర్గ్యుమెంట్లను మరొక బోర్డుకు కాపీ చేసినప్పుడు ఈ పేరే తరచుగా తప్పుతుంది.

ఆ తరువాత ‘ఎర్లీకాన్’ అన్న పారామీటర్‌ను చేర్చాలి. సీరియల్ పోర్టు అసలు డ్రైవర్ లేవకముందే, బూట్‌లోడర్ సిద్ధం చేసి పెట్టిన యూఆర్టును కెర్నల్ నేరుగా వాడుకునేలా ఇది చేస్తుంది. బోర్డుపై ఏ పరికరాలు ఎలా కలిపి ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీలోని ‘చోజెన్’ నోడులో ‘ఎస్‌టీడీఅవుట్-పాత్’ సరిగా ఉంటే ఎర్లీకాన్‌కు వేరే వివరాలేవీ ఇవ్వనవసరం లేదు. ‘క్వైట్’ అన్న మాట ఆర్గ్యుమెంట్లలో ఉంటే తీసివేసి, ‘ఇగ్నోర్_లాగ్‌లెవెల్’ చేర్చితే అన్ని స్థాయిల సందేశాలూ కన్సోల్‌కు వస్తాయి. ఎర్లీకాన్ నుంచి అసలు కన్సోల్‌కు మారే క్షణంలో లాగ్ తెగిపోతుంటే ‘కీప్_బూట్‌కాన్’ కూడా చేర్చాలి. అప్పుడు ప్రతి పంక్తీ రెండుసార్లు రావచ్చు గాని, దోషం సీరియల్ డ్రైవర్‌లోనే ఉన్నదన్న సంగతి తెలిసిపోతుంది. ఈ మార్పులన్నీ యూ-బూట్ ప్రాంప్ట్ దగ్గర ‘సెట్‌ఎన్వ్’తో చేసి ‘సేవ్‌ఎన్వ్’ చేయకుండా బూట్ చేయడం మేలు. రీసెట్ చేయగానే బోర్డు పాత స్థితికి వస్తుంది.

ఎర్లీకాన్‌తో కూడా ఒక్క పంక్తి రాకపోతే, లోడ్ చిరునామాలను అనుమానించాలి. కెర్నల్ తన బీఎస్‌ఎస్ భాగంతో (మొదటి విలువ లేని వేరియబుల్స్‌కు కేటాయించిన చోటు) సహా మెమరీలో విస్తరించినప్పుడు, పక్కనే పెట్టిన డివైస్ ట్రీని తొక్కేస్తే కెర్నల్‌కు బోర్డు గురించి ఏమీ తెలియదు. కొత్త డ్రైవర్లు చేర్చి కెర్నల్ పరిమాణం పెరిగిన మరునాడు బోర్డు మూగబోయిందంటే కారణం ఇదే కావచ్చు. చిరునామాల మధ్య తగినంత ఎడం ఉంచితే సరిపోతుంది.

మొదటి తప్పును వెతకాలి, చివరిదాన్ని కాదు

లాగ్ రావడం మొదలైన తరువాత దాన్ని చదివే తీరులోనే సగం పని ఉంది. బోర్డు పానిక్ అయినప్పుడు, అంటే కెర్నల్ కోలుకోలేక ఆగిపోయినప్పుడు, కంటికి కనిపించేది చివరి పేజీ. కారణం మాత్రం చాలా పంక్తుల పైన, ఒక చిన్న హెచ్చరిక రూపంలో ఉంటుంది. ఒక రెగ్యులేటర్ (చిప్‌లకు తగిన వోల్టేజీ అందించేది) లేవకపోతే దానిపై ఆధారపడిన ఎస్‌డీ కార్డు కంట్రోలర్ లేవదు, అది లేవకపోతే రూట్ ఫైల్ సిస్టమ్ దొరకదు, చివరికి కెర్నల్ ఫైల్ సిస్టమ్ గురించి ఫిర్యాదు చేస్తూ ఆగిపోతుంది. కాబట్టి పై నుంచి కిందికి చదవాలి. షెల్ దాకా వచ్చిన బోర్డు అయితే కెర్నల్ లాగ్‌ను చూపే ‘డీమెసేజ్’ (dmesg) ఆజ్ఞకు లెవెల్ ఎంపికలో ఎర్రర్, వార్నింగ్ స్థాయిలను ఇచ్చి వడగట్టవచ్చు. లాగ్ మొదటి భాగం కొట్టుకుపోతుంటే ‘లాగ్_బఫ్_లెన్’ పారామీటర్‌తో బఫర్‌ను పెంచాలి.

ఎర్రర్ సంఖ్యలను కంఠస్థం చేయడం వల్ల ఎంతో సమయం కలిసివస్తుంది, ఎందుకంటే ఒక్కో సంఖ్య ఒక్కో దిక్కును చూపుతుంది. మైనస్ 2 అంటే వెతికినది లేదు: ఫర్మ్‌వేర్ ఫైలో, డివైస్ ట్రీలో చెప్పవలసిన క్లాక్ పేరో లోపించింది. మైనస్ 16 అంటే ఆ పిన్నునో, చిరునామానో, మెమరీ ప్రాంతాన్నో మరొకరు ఇప్పటికే తీసుకున్నారు. మైనస్ 19 అంటే పరికరం లేదు. చిప్ గుర్తింపు రిజిస్టర్ చదివి అది తనకు తెలిసిన విలువ కాకపోతే చాలా డ్రైవర్లు ఈ సంఖ్యనే ఇస్తాయి. మైనస్ 22 వస్తే డివైస్ ట్రీలో ఇచ్చిన విలువ డ్రైవర్‌కు నచ్చలేదని ముందుగా అనుకోవచ్చు. మైనస్ 110 అంటే గడువులోగా జవాబు రాలేదు. ఇంటరప్ట్ రాకపోయినా, క్లాక్ నడవకపోయినా, విద్యుత్తు లేకపోయినా ఇదే కనిపిస్తుంది. ఐ2సీ బస్సుపై (రెండు తీగలతో పలు చిప్‌లను కలిపే మార్గం) చిప్ తన చిరునామాకు పలకకపోతే, కంట్రోలర్ డ్రైవర్‌ను బట్టి మైనస్ 6 గాని మైనస్ 121 గాని వస్తుంది. ఇక మైనస్ 517 అన్నది నిజానికి వైఫల్యం కాదు. దాని సంగతి విడిగా చెప్పుకోవాలి.

డ్రైవర్ ఉందా, పరికరం తెలిసిందా

అన్నిటికన్నా కష్టమైన దోషం ఏ ఎర్రరూ ఇవ్వని దోషం. డివైస్ ట్రీలో ‘కంపాటిబుల్’ విలువలో ఒక్క అక్షరం తప్పినా కెర్నల్ ఫిర్యాదు చేయదు. ఆ పేరుకు సరిపోయే డ్రైవర్ ఏదీ లేదని మౌనంగా ముందుకు పోతుంది. లాగ్‌లో ఆ చిప్ ప్రస్తావనే లేదంటే ప్రోబ్ జరగలేదన్నమాట, అప్పుడు ఆసిలోస్కోప్‌తో పని లేదు.

ముందు కెర్నల్ కాన్ఫిగరేషన్ చూడాలి. ‘ఐకాన్‌ఫిగ్’ ఎంపికతో నిర్మించిన కెర్నల్ అయితే నడుస్తున్న బోర్డులోనే, ప్రాక్ డైరెక్టరీలో కాన్ఫిగరేషన్ ఫైలు కుదించిన రూపంలో ఉంటుంది. మన కంప్యూటర్‌లోని కాన్ఫిగరేషన్ ఫైలును కాక, బోర్డులో నడుస్తున్నదానినే చూడడం ముఖ్యం. డ్రైవర్ మాడ్యూల్‌గా ఉంటే, ఆ మాడ్యూల్ ఈ కెర్నల్‌తోనే నిర్మించినదా అన్నది సరిచూడాలి. కెర్నల్ ఇమేజ్ మాత్రమే మార్చి మాడ్యూళ్ల డైరెక్టరీని మార్చకపోవడం వల్ల వచ్చే ‘వెర్షన్ మ్యాజిక్’ ఫిర్యాదు అభివృద్ధి దశలో సర్వసాధారణం.

ఆ తరువాత కెర్నల్ చేతిలో ఉన్న డివైస్ ట్రీని చూడాలి. మనం రాసిన సోర్సు ఫైలు ఒకటి, బూట్‌లోడర్ లోడ్ చేసినది మరొకటి, ఓవర్‌లేలు (డివైస్ ట్రీపై అదనంగా చేర్చే మార్పులు) కలిసిన తరువాత కెర్నల్‌కు అందినది ఇంకొకటి కావచ్చు. ప్రాక్‌లోని ‘డివైస్-ట్రీ’ డైరెక్టరీని డీటీసీ పరికరంతో తిరిగి సోర్సుగా మార్చుకుంటే అసలు సంగతి తేటతెల్లమవుతుంది. అందులో నోడు ఉందా, దాని ‘స్టేటస్’ విలువ ‘ఓకే’గా ఉందా, దాని పై నోడుల స్టేటస్ కూడా ఓకేయేనా అన్నది చూడాలి. ఐ2సీ కంట్రోలర్ నోడు ‘డిజేబుల్డ్’గా ఉంటే దాని కింద రాసిన సెన్సరును ఎవరూ పట్టించుకోరు. చివరగా సిస్ డైరెక్టరీలో ఆ పరికరానికి ‘డ్రైవర్’ అన్న లింకు ఉన్నదీ లేనిదీ చూస్తే, ప్రోబ్ విజయవంతమైందో లేదో తేలిపోతుంది.

మైనస్ 517

ఒక డ్రైవర్‌కు కావలసిన క్లాకో, రెగ్యులేటరో, జీపీఐఓనో (సాఫ్ట్‌వేర్‌తో నడిపే సాధారణ పిన్ను) ఇంకా సిద్ధం కాలేదనుకుందాం. అటువంటప్పుడు అది మైనస్ 517ను తిరిగి ఇచ్చి, తనను తరువాత మళ్లీ పిలవమని కెర్నల్‌ను కోరుతుంది. ఈ ఏర్పాటు 2012లో 3.4 కెర్నల్‌తో వచ్చింది. బూట్ సమయంలో ఈ సంఖ్య కనిపించడం సహజమే. చివరిదాకా ఎవరి వంతూ రాకుండా మిగిలిపోయినవే అసలు సమస్య.

కెర్నల్ లోపలి స్థితిని ఫైళ్లుగా చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్‌ను మౌంట్ చేసి అందులోని ‘డివైసెస్_డిఫర్డ్’ అన్న ఫైలును చదివితే ఇంకా ఎదురుచూస్తున్న పరికరాల జాబితా వస్తుంది. ఇటీవలి కెర్నళ్లలో చాలా డ్రైవర్లు ఎదురుచూపుకు కారణం కూడా పక్కనే రాస్తాయి. జాబితాలో చాలా పేర్లున్నా భయపడనవసరం లేదు. వాటిలో ఎక్కువ భాగం ఒకే ఒక్కదాని కోసం నిలిచి ఉంటాయి. తరచుగా అది పవర్ మేనేజ్‌మెంట్ చిప్ డ్రైవరే అవుతుంది. దాన్ని కాన్ఫిగరేషన్‌లో చేర్చడం మరిచిపోయినా, అది మాడ్యూల్‌గా రూట్ ఫైల్ సిస్టమ్‌లోనే ఉండి ఆ ఫైల్ సిస్టమ్ ఉన్న ఈఎంఎంసీకి (బోర్డుపైనే ఉండే ఫ్లాష్ స్టోరేజ్) అదే విద్యుత్తు ఇవ్వవలసి ఉన్నా, బోర్డు ఎప్పటికీ లేవదు. ఆ డ్రైవర్‌ను కెర్నల్‌లోకే నిర్మించాలి, లేదా ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్‌తో పాటే మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్ సిస్టమ్) పెట్టాలి. కొత్త కెర్నల్‌కు మారిన వెంటనే ఈ జాబితా పెరిగితే ‘ఎఫ్‌డబ్ల్యూ_డెవ్‌లింక్’ పారామీటర్‌కు ‘పర్మిసివ్’ విలువ ఇచ్చి ఒకసారి బూట్ చేసి చూడాలి. దానితో సమస్య పోతే, డివైస్ ట్రీలో ఒక నోడు ఎన్నటికీ రాని మరొక నోడును చూపుతోందని అర్థం. ఆ పారామీటర్‌ను శాశ్వతంగా ఉంచడం కన్నా డివైస్ ట్రీని సరిచేయడమే సరైన పని.

బోర్డు మధ్యలో బిగుసుకుపోతే

ఎర్రర్ ఇచ్చి విఫలమైన డ్రైవర్‌కు మొదటి తప్పు ముఖ్యం, బోర్డు మొత్తం బిగుసుకుపోయినప్పుడు చివరి పంక్తి ముఖ్యం. ‘ఇనిట్‌కాల్_డీబగ్’ పారామీటర్ చేర్చితే ప్రతి ఇనిట్ ఫంక్షన్‌కూ ముందు ‘కాలింగ్’ అన్న పంక్తి, తరువాత ‘రిటర్న్‌డ్’ అన్న పంక్తి, పట్టిన సమయంతో సహా వస్తాయి. ‘కాలింగ్’ ఉండి దానికి జోడీగా ‘రిటర్న్‌డ్’ లేని పేరే మనం పట్టుకోవలసినది. ‘ఇనిట్‌కాల్_బ్లాక్‌లిస్ట్’ పారామీటర్‌కు ఆ ఫంక్షన్ పేరు ఇచ్చి దాన్ని దాటవేసి బూట్ చేస్తే అనుమానం నిర్ధారణ అవుతుంది.

ఇటువంటి బిగుసుకుపోవడానికి కారణం చాలాసార్లు క్లాక్ ఆగి ఉన్న బ్లాకు రిజిస్టర్‌ను చదవబోవడమే. కొన్ని ప్రాసెసర్లలో అది ఎక్స్‌టర్నల్ అబార్ట్‌గా బయటపడుతుంది, కొన్నింటిలో బస్సు జవాబు కోసం అలాగే నిలిచిపోతుంది. ముఖ్యంగా బూట్ చివరి దశలో ‘సీఎల్‌కే_డిజేబుల్_అన్‌యూజ్డ్’ అన్న పేరు దగ్గర ఆగితే కారణం ఇంకా స్పష్టం. ఎవరూ కోరని క్లాకులన్నిటినీ కెర్నల్ అక్కడ ఆపివేస్తుంది. బూట్‌లోడర్ ఆన్ చేసి పెట్టిన క్లాక్‌ను వాడుకుంటూ, తాను మాత్రం ఎన్నడూ కోరని డ్రైవర్ ఆ క్షణంలో కూలుతుంది. ‘సీఎల్‌కే_ఇగ్నోర్_అన్‌యూజ్డ్’ ఇచ్చి బూట్ చేస్తే బోర్డు లేచిందంటే, డివైస్ ట్రీలో ఏదో ఒక నోడుకు ‘క్లాక్స్’ వివరం లోపించిందని తెలుస్తుంది. పవర్ డొమైన్లకు ఇదే పని ‘పీడీ_ఇగ్నోర్_అన్‌యూజ్డ్’ చేస్తుంది. ఈ పారామీటర్లను పరీక్షకే వాడాలి. వీటినే పరిష్కారంగా వదిలేసిన ఉత్పత్తులు బ్యాటరీని వృథాగా తాగుతాయి.

చిప్ జవాబు ఇస్తోందా

ఇక్కడికి వచ్చేసరికి డ్రైవర్ ఉంది, పరికరం తెలిసింది, ప్రోబ్ జరిగింది, అయినా చిప్ పలకడం లేదు. ఇప్పుడు మల్టీమీటర్ తీయవచ్చు.

చర్లపల్లి పారిశ్రామిక వాడలోని ఒక చిన్న సంస్థ తయారు చేసుకున్న గేట్‌వే బోర్డులో జరిగిన సంగతి ఈ దశకు మంచి ఉదాహరణ. అందులో డీఎస్3231 గడియారపు చిప్ ఐ2సీ బస్సుపై ఉంది. దాన్ని డీఎస్1307 పేరుగల డ్రైవరే నడుపుతుంది. బూట్ లాగ్‌లో ప్రోబ్ విజయవంతమైనట్టే ఉంది, సమయం సరిగానే చదివింది. కొద్దిసేపటి తరువాత ‘హెచ్‌డబ్ల్యూక్లాక్’ ఆజ్ఞ ఇస్తే మాత్రం విఫలమయ్యేది. వారు చిప్‌ను మార్చారు, బ్యాటరీని మార్చారు, డ్రైవర్‌లో విలంబాలు చేర్చారు. ఏ మార్పూ లేదు. లాగ్‌ను టైమ్‌స్టాంపులతో సహా నిదానంగా చదివితే, బూట్ ముగిసిన అర నిమిషానికి సెన్సర్ల రెగ్యులేటర్ పేరుతో ‘డిజేబ్లింగ్’ అన్న ఒక్క పంక్తి ఉంది. ఎవరూ వాడని రెగ్యులేటర్లను కెర్నల్ బూట్ చివరి నుంచి 30 సెకన్లు ఆగి ఆపివేస్తుంది. గడియారపు చిప్ విద్యుత్తు వేరే లైను నుంచి వస్తున్నా, ఐ2సీ లైన్లను పై స్థాయిలో నిలిపే పుల్-అప్ రెసిస్టర్లు సెన్సర్ల రెగ్యులేటర్‌కు కలిపి ఉన్నాయి. అది ఆగగానే రెండు లైన్లూ కిందికి పడిపోయి బస్సు మొత్తం స్తంభించింది. డివైస్ ట్రీలో ఆ రెగ్యులేటర్‌కు ‘రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్’ చేర్చడంతో సమస్య తీరింది. తరువాతి బోర్డు కూర్పులో పుల్-అప్‌లను ప్రధాన 3.3 వోల్టుల లైనుకు మార్చారు.

ఇటువంటి సందర్భాలలో డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని ‘రెగ్యులేటర్_సమ్మరీ’, ‘సీఎల్‌కే_సమ్మరీ’ అన్న రెండు ఫైళ్లు ఎంతో విలువైనవి. ఏ రెగ్యులేటర్‌ను ఎవరు వాడుతున్నారు, ఏ క్లాక్ ఏ వేగంతో నడుస్తోంది అన్నది అవి చెట్టు రూపంలో చూపుతాయి. పిన్ కంట్రోల్ డైరెక్టరీలో ఏ పిన్ను ఎవరి చేతిలో ఉందో ఉంటుంది. ఇంటరప్ట్ వస్తోందో లేదో ప్రాక్‌లోని ‘ఇంటరప్ట్స్’ ఫైలులో ఆ వరుస లెక్క పెరుగుతోందా అని చూస్తే చాలు.

ఐ2సీ విషయంలో మొదట మల్టీమీటర్‌తో, బస్సు ఖాళీగా ఉన్నప్పుడు రెండు లైన్లూ పై స్థాయిలో ఉన్నాయా అని కొలవాలి. తరువాత ‘ఐ2సీడిటెక్ట్’ నడిపి, చిప్ చిరునామా దగ్గర సంఖ్య కనిపిస్తోందా అని చూడాలి. ఆ చోట రెండు ‘యూ’ అక్షరాలుంటే ఒక డ్రైవర్ ఇప్పటికే ఆ చిరునామాను తీసుకుందని అర్థం. కొన్ని డేటాషీట్లు చదవడం, రాయడం తెలిపే బిట్టును కూడా కలిపి 8 బిట్ల చిరునామా ఇస్తాయి, లినక్స్‌కు మాత్రం 7 బిట్లదే కావాలి. హెక్స్ డీ0 అని రాసి ఉంటే డివైస్ ట్రీలో హెక్స్ 68 రాయాలి. ఎంపీయూ6050 సెన్సర్ కూడా మామూలుగా హెక్స్ 68నే వాడుతుంది కాబట్టి, దాన్ని డీఎస్3231తో పాటు ఒకే బస్సుపై పెట్టేవారు సెన్సర్ ఏడీ0 పిన్నును పై స్థాయికి కట్టి హెక్స్ 69కి మార్చుకోవాలి. జీటీ911 టచ్ చిప్ మరీ చిత్రమైనది. రీసెట్ సమయంలో దాని ఇంటరప్ట్ పిన్ను ఏ స్థాయిలో ఉందన్నదాన్ని బట్టి అది హెక్స్ 5డీ లేదా హెక్స్ 14 చిరునామాను ఎంచుకుంటుంది, అందువల్ల డివైస్ ట్రీలో రీసెట్ జీపీఐఓ ఇవ్వని బోర్డులో ఒక బూట్‌కు దొరికి మరొక బూట్‌కు దొరకకుండా పోవచ్చు.

ఈథర్‌నెట్‌లో లింకు లేచినా ప్యాకెట్లు రాకపోతే ‘ఫై-మోడ్’ విలువను చూడాలి. మ్యాక్‌కు (ప్రాసెసర్ వైపు ఈథర్‌నెట్ కంట్రోలర్), ఫైకి (కేబుల్ వైపు చిప్) మధ్య ఉండే ఆర్‌జీఎంఐఐ లంకెలో క్లాక్‌కు సుమారు 2 నానోసెకన్ల ఆలస్యం కావాలి. దాన్ని ఫై చిప్ చేర్చాలా, మ్యాక్ చేర్చాలా, బోర్డు మీది తీగ పొడవే ఇస్తోందా అన్నది ఒక్కచోటే నిర్ణయం కావాలి. ఇద్దరూ చేర్చినా, ఎవరూ చేర్చకపోయినా ఫలితం ఒకటే. అసలు ఫై కనిపించడం లేదంటే రీసెట్ పిన్నును, రీసెట్ తరువాత డేటాషీట్ కోరిన నిరీక్షణ సమయాన్ని సరిచూడాలి.

మల్టీమీటర్‌కు అందని వేగపు సంగతులకు ఆసిలోస్కోప్ కావాలి. సొంతంగా కొనలేనివారు లేదా చదువుకుంటున్నవారు, రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి ప్రోటోటైపింగ్ కేంద్రాన్ని సంప్రదించవచ్చు.

రూట్ ఫైల్ సిస్టమ్ దొరకనప్పుడు

‘అన్‌నోన్-బ్లాక్’ అన్న మాటతో వచ్చే పానిక్‌లో బ్రాకెట్లలోని రెండు సంఖ్యలను చూడాలి. అవి 0, 0 అయితే మనం చెప్పిన పేరుగల పరికరం కెర్నల్‌కు కనిపించనే లేదు, వెతకవలసింది స్టోరేజ్ డ్రైవర్‌లో. 179, 2 అయితే ఎస్‌డీ కార్డు లేదా ఈఎంఎంసీ రెండో పార్టిషన్ దొరికింది గాని, అందులోని ఫైల్ సిస్టమ్‌ను చదవలేకపోయింది. ఈఎక్స్‌టీ4 వంటిది కాన్ఫిగరేషన్‌లో లేకపోవడమో, పార్టిషన్ పాడవడమో కారణం. ఆ పంక్తికి ముందు కెర్నల్ తనకు తెలిసిన పార్టిషన్ల జాబితా కూడా ఇస్తుంది. కార్డు ఆలస్యంగా లేచే బోర్డులలో ‘రూట్‌వెయిట్’ తప్పనిసరి. ఎస్‌డీ కార్డుకు, ఈఎంఎంసీకి వరుస సంఖ్యలు తారుమారయ్యే బోర్డులలో రూట్‌ను పార్ట్‌యూయూఐడీతో (పార్టిషన్‌కు ఉండే మారని గుర్తింపు సంఖ్య) చెప్పాలి.

కార్డు ప్రారంభంలోనే మైనస్ 110 వస్తుంటే, డివైస్ ట్రీలో ‘నో-1-8-వీ’ చేర్చి, ‘మ్యాక్స్-ఫ్రీక్వెన్సీ’ని తగ్గించి చూడాలి. దానితో పనిచేస్తే వోల్టేజీ మార్పిడి రెగ్యులేటర్‌లోనో, సిగ్నల్ నాణ్యతలోనో లోపం ఉంది.

ఫర్మ్‌వేర్, ఊప్స్

వైఫై చిప్ వంటివి తమ ఫర్మ్‌వేర్ ఫైలును లిబ్ డైరెక్టరీలోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్ నుంచి కోరుతాయి. ఫైలు అక్కడే ఉన్నా మైనస్ 2 వస్తోందంటే, డ్రైవర్ కెర్నల్‌లోకే నిర్మించి ఉండి, రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కాకముందే అడుగుతోందన్నమాట. డ్రైవర్‌ను మాడ్యూల్ చేయడం అన్నిటికన్నా సులువైన మార్గం. ఫైలును ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో చేర్చడం మరొకటి.

కెర్నల్ ఊప్స్ (కెర్నల్ కోడ్‌లో తప్పు జరిగినప్పుడు అచ్చయ్యే నివేదిక) వచ్చినప్పుడు ప్రోగ్రామ్ కౌంటర్ పక్కన ఉన్న ఫంక్షన్ పేరును, ఆఫ్‌సెట్‌ను కెర్నల్ సోర్సులోని ‘ఫ్యాడర్2లైన్’ స్క్రిప్టుకు, డీబగ్ సమాచారంతో నిర్మించిన వీఎం-లినక్స్ ఫైలుతో కలిపి ఇస్తే సోర్సు పంక్తి తెలుస్తుంది. నల్ పాయింటర్ చిరునామా 0 కాక 18 వంటి చిన్న హెక్స్ విలువ అయితే, అది స్ట్రక్చర్‌లో ఒక సభ్యుని ఆఫ్‌సెట్. ఆ స్ట్రక్చర్ పాయింటరే ఖాళీగా ఉంది. ప్రోబ్‌లో ఒక ఫంక్షన్ తిరిగి ఇచ్చిన ఎర్రర్‌ను పరీక్షించకుండా ముందుకు పోయిన డ్రైవర్లలో ఇది కనిపిస్తుంది, డ్రైవర్ కోడ్‌ను నిజంగా తప్పుపట్టవలసిన సందర్భమూ ఇదే. అటువంటి డ్రైవర్ లోపలి మాటలు వినాలంటే ‘డిన్‌డీబీజీ’ పారామీటర్‌తో ఆ ఒక్క ఫైలు డీబగ్ సందేశాలను మాత్రమే తెరిపించవచ్చు, కెర్నల్‌లో డైనమిక్ డీబగ్ ఎంపిక ఉంటే. కన్సోల్ పెట్టలేని చోట బిగించిన బోర్డులకు లాగ్‌ను రీబూట్ దాటి దాచే పీస్టోర్‌ను, ర్యామ్‌ఊప్స్‌ను ముందే సిద్ధం చేసి ఉంచితే, రీబూట్ తరువాత గత పానిక్ లాగ్ ఫైలు రూపంలో దొరుకుతుంది.

సరిచేసిన తరువాత పరీక్ష

దోషం పోయిందని నిర్ణయించే ముందు, చేర్చిన పారామీటర్లన్నీ తీసివేసి మళ్లీ బూట్ చేయాలి. 1,15,200 బాడ్ వద్ద సెకనుకు 11,520 అక్షరాలే వెళ్తాయి కనుక, 100 అక్షరాల పంక్తి ఒకటి అచ్చవడానికి దాదాపు 9 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యమే ఒక చిప్‌కు కావలసిన రీసెట్ సమయాన్ని అనుకోకుండా సమకూర్చి ఉండవచ్చు. డీబగ్ సందేశాలు ఉన్నప్పుడు పనిచేసి, ‘క్వైట్’ పెట్టగానే విఫలమయ్యే బోర్డులో ముందుగా చూడవలసింది రీసెట్ తరువాతి నిరీక్షణే.

‘రీబూట్’ ఆజ్ఞతో చేసే పరీక్ష కూడా చాలదు. రీబూట్‌లో చాలా రెగ్యులేటర్లు ఆగవు, చిప్‌లు పాత స్థితిలోనే కొనసాగుతాయి. విద్యుత్తు పూర్తిగా తీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేంత సేపు ఆగి, మళ్లీ ఇచ్చి చూడాలి. టైమర్ రిలే ఒకటి సప్లయి లైనులో పెట్టి, రాత్రంతా ఈ పని చేయిస్తూ లాగ్‌ను ఫైలులోకి తీసుకుంటే, అరుదుగా వచ్చే వైఫల్యాలు తెల్లారేసరికి వరుసగా దొరుకుతాయి. రాస్ప్‌బెర్రీ పై బోర్డులలో సప్లయి సుమారు 4.63 వోల్టుల కన్నా తగ్గితే కెర్నల్ లాగ్‌లోనే అండర్-వోల్టేజ్ హెచ్చరిక వస్తుంది. సన్నని యూఎస్‌బీ కేబుల్‌తో పరీక్షించేటప్పుడు ఈ పంక్తి లేదని ముందే నిర్ధారించుకోవాలి. మే నెలలో హైదరాబాద్‌లో ఏసీ లేని గదిలో, మూసిన డబ్బాలో పెట్టిన బోర్డు ఎంత వేడెక్కుతుందో, ల్యాబులో తెరిచి పెట్టిన బోర్డును చూసి చెప్పలేము. అందుకే ఈ రిలే పరీక్షను బోర్డును దాని అసలు డబ్బాలో బిగించి, దాని అసలు సప్లయితోనే నడపాలి.